సదరు వీధికి సదరు పేరు

దొరవరంలో సదరు వీధి ఎక్కడుందని అడిగితే ఆటోవాడి దగ్గర్నుంచి సబ్ రిజిస్ట్రారు దాకా అందరూ చెబుతారు. సదరు గారు ఎవరని మాత్రం అడగకూడదు. అడిగితే ఒకరు స్వాతంత్ర్య సమరయోధుడంటారు, ఒకరు కలరా రోజుల్లో ఊరిని కాపాడిన డాక్టరంటారు, ఇంకొకరు తమకు వేలువిడిచిన మేనమామ అవుతారంటారు. ముగ్గురూ గుండె మీద చెయ్యి వేసుకునే చెబుతారు. ఆ వీధి నిజానికి ఎవరి పేరున ఉండాలో కచ్చితంగా తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, ఆవిడ వాసంశెట్టి మంగాయమ్మ. ఆవిడ చెప్పింది ఎవరూ చెవిన పెట్టలేదు కనుక ఆ పని మనం చెయ్యాలి.

మంగాయమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై మూడేళ్ళు ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. అడిగిన మనిషికి అడిగిన నంబరు కలపడం ఆవిడ ఉద్యోగం. ఒకరిని అడిగితే ఇంకొకరు పలకడం ఆవిడ దృష్టిలో క్షమించరాని నేరం. రిటైరై నాలుగేళ్ళయినా, ఎవరైనా పక్కింటాయన పేరు తప్పు పలికితే ఆవిడకు అన్నం సహించదు.

ఆవిడ ఉండే వీధి రైలుకట్ట వెనకాల ఉంది. ఒకప్పుడు మునిసిపాలిటీ మంచినీళ్ళ గొట్టం ఆ వీధి మొదట్లోకి వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందంటే ప్లానులో ఆ వీధి లేదు. మంగాయమ్మ తల్లి అచ్చాయమ్మ ఒకనాడు పొద్దున్నే ఖాళీ బిందె చంకనెట్టుకుని వెళ్ళి మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ఆఫీసరు ఎవరు లోపలికి వెళ్ళినా, ఎవరు బయటికి వచ్చినా గరిటెతో బిందె మీద ఒక్క దెబ్బ వేసేది. మాట లేదు, తిట్టు లేదు, దెబ్బ ఒక్కటే. నలభై ఒక్క రోజులు అలా జరిగాక, ఆఫీసువాళ్ళకు నిద్రలో కూడా బిందె మోగడం మొదలయ్యాక, కుళాయి వచ్చింది. అప్పటి నుంచి జనం నోట అది అచ్చాయమ్మ వీధి. కాగితాల్లో మాత్రం రైలుకట్ట వెనక సందు.

అచ్చాయమ్మ పోయాక కూతురికి ఒక్కటే కోరిక మిగిలింది. అమ్మ పేరు బోర్డు మీద చూడాలి. ఎనిమిదేళ్ళు అర్జీలు పెట్టింది. ఆఖరికి పాత కౌన్సిలు, ఎన్నికలు దగ్గర పడి మంచి మనసు వచ్చిన ఒక శుభవేళ, తీర్మానం చేసింది. చేసింది గాని బోర్డు పెట్టలేదు. బోర్డు పెట్టడం తరువాతి వారి అభివృద్ధి కార్యక్రమమట.

అంతలో దొరవరం పురపాలక సంఘం నగరపాలక సంస్థ అయింది. నగరం కావడానికి రోడ్లు వెడల్పు చెయ్యడం కష్టం కనుక పేర్లు గొప్పవి చేద్దామని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పథకం పేరు ‘వీధికో మహనీయుడు’. ప్రతి వీధికీ ఒక మనిషి పేరుండాలి. పేరు కింద ఆ మనిషి జీవిత చరిత్ర అయిదు పంక్తుల్లో ఉండాలి. ఒకసారి పెట్టిన పేరు ఎట్టి పరిస్థితిలోనూ మార్చరాదు. గడువులోగా చరిత్ర రాయని వీధి తాలూకు అధికారి సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఈ దెబ్బకు మిరపకాయల బజారు, గాడిదల సందు, మేకలబడి మలుపు అన్నీ రాత్రికి రాత్రి మహనీయులై కూర్చున్నాయి. గాడిదల సందుకు ఒక రిటైర్డ్ ఇంజనీరు పేరు పెట్టారు. ఆయన ఇంకా బతికే ఉన్నాడు, కనుక అయిదు పంక్తులూ ఆయనే రాసి ఇచ్చాడు.

రైలుకట్ట వెనక సందు వంతు వచ్చిన రోజు మంగాయమ్మ వీధందరికీ కాకినాడ కాజాలు పంచింది. బోర్డుకు కప్పిన పసుపు గుడ్డ తీసే పని ఎదురింటి నూకరాజుకు అప్పజెప్పారు. అతను ఆటో తోలతాడు, వీధి వ్యవహారాలన్నిటికీ ముందుంటాడు. నూకరాజు గుడ్డ లాగాడు. నీలం బోర్డు మీద తెల్ల అక్షరాల్లో, చక్కగా, ఎక్కడా వంకర లేకుండా ఇలా ఉంది: సదరు వీధి.

జనం చప్పట్లు కొట్టేశారు. గుడ్డ తీస్తే చప్పట్లు కొట్టాలని అందరికీ తెలుసు. కాజా నములుతున్న నూకరాజు మాత్రం బోర్డు కేసి చూసి, ‘‘మంగక్కా, మీ అమ్మగారికి ఇంకో పేరు గాని ఉందేంటి?’’ అన్నాడు.

మంగాయమ్మ బోర్డు మళ్ళీ ఒకసారి చదివింది. ఎనిమిదేళ్ళ అర్జీలు, పంచిన కాజాలు, పొద్దున్న కట్టుకున్న పట్టుచీర, అన్నీ ఒక్కసారి వెక్కిరించినట్టనిపించింది. ఆ చీరతోనే తిన్నగా ఆఫీసుకు వెళ్ళింది.

పట్టణ ప్రణాళికా విభాగం సూపరింటెండెంటు త్రిపురారి. చెడ్డవాడు కాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆఫీసు భాషలో రాసి రాసి, ఇంట్లో భార్యను కాఫీ అడగడానికి కూడా ‘దయచేసి మంజూరు చేయగలరు’ అనే స్థితికి వచ్చినవాడు.

‘‘ఏవండీ, మా వీధి బోర్డు మీద తప్పు పడిందండి,’’ అంది మంగాయమ్మ.

‘‘తప్పు అనే మాట ఆఫీసులో వాడకండమ్మా. వ్యత్యాసం అనండి.’’

‘‘రెంటికీ తేడా ఏంటండి?’’

‘‘తప్పుకి చేసినవాడు ఒకడుండాలి. వ్యత్యాసం దానంతటదే వస్తుంది.’’ త్రిపురారి ఫైలు తెప్పించి, దారం ముడి విప్పి, చివరి కాగితం ఆవిడ వైపు తిప్పాడు. ‘‘చదవండి. మీ కౌన్సిలు తీర్మానమే.’’

కాగితం మీద ఇలా ఉంది: ‘...కావున సదరు వీధికి సదరు పేరు పెట్టుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.’

‘‘చూశారా?’’ అన్నాడు త్రిపురారి. ‘‘ఏ వీధికి? సదరు వీధికి. ఏ పేరు? సదరు పేరు. ఆదేశంలో ఉన్నది ఉన్నట్టు అమలు చేశాం. అక్షరం అటూ ఇటూ కాలేదు.’’

‘‘సదరు అంటే పైన చెప్పిన అని కదండీ! పైన చెప్పిన వీధికి పైన చెప్పిన పేరు పెట్టమన్నారు. పైన మా అమ్మ పేరుంది.’’

‘‘పైన అంటే మొదటి కాగితం. మొదటి కాగితం ఏది?’’ త్రిపురారి ఫైలు తిరగేశాడు. మొదటి కాగితం ఉండవలసిన చోట రెండు చిల్లులు, ఒక గుండుసూది, చెదపురుగులు మిగిల్చిన కాసిని అంచులు ఉన్నాయి. ‘‘పైన ఏమీ లేదమ్మా. పైన ఏమీ లేనప్పుడు సదరు అన్నదే పేరవుతుంది. మాకు వేరే మార్గం లేదు.’’

‘‘నా దగ్గర నా అర్జీ నకలుంది కదండీ. అందులో అమ్మ పేరుంది.’’

‘‘అర్జీ అంటే మీరు కోరింది. తీర్మానం అంటే మేము ఇచ్చింది. కోరిందే ఇచ్చామని రుజువేమిటి? తీర్మానం తాలూకు ధ్రువీకరించిన నకలు తెండి.’’

‘‘అది ఎవరిస్తారండి?’’

‘‘మేమే. మొదటి కాగితం తెస్తే.’’

మంగాయమ్మ బయటికి వచ్చింది. ఎక్స్ఛేంజిలో కాల్ కలవక విసిగిన వాళ్ళకు ఆవిడ ఒకటే మాట చెప్పేది, ‘లైనులో ఉండండి’ అని. ఇక్కడ లైనులో ఉండే వంతు ఆవిడకు వచ్చింది.

ఇది ఇక్కడితో ఆగిపోయుంటే ఊరికి ఒక వింత బోర్డు మాత్రమే మిగిలేది. కాని ఉత్తర్వులో రెండో నిబంధన ఉంది కదా, పేరు కింద అయిదు పంక్తుల జీవిత చరిత్ర. కమిషనరు గారు బోర్డుల జాబితా చూస్తూ సదరు వీధి దగ్గర ఎర్రసిరాతో ఒక గీత గీసి, ‘సదరు గారి వివరములు లేవు. వెంటనే సమర్పించవలెను’ అని రాశారు. సదరు అనేవాడు లేడని త్రిపురారి రాస్తే, లేనివాడి పేరు వీధికి ఎవరు పెట్టారన్న ప్రశ్న వస్తుంది. పేరు మారుద్దామంటే మార్చరాదన్న నిబంధన ఉంది. మిగిలింది ఒకే దారి. సదరు గారు ఉండి తీరాలి.

అలా ‘సదరు గారి జీవిత విశేషాల సేకరణ కమిటీ’ పుట్టింది. అధ్యక్షుడుగా ఆచార్య భీమశంకరం గారిని పిలిపించారు. ఆయన స్థానిక చరిత్ర మీద పదకొండు పుస్తకాలు రాశారు, అందులో తొమ్మిది తమ వంశం గురించి. ఆయన అద్దాలు తుడుచుకుని రికార్డు గదిలో అడుగుపెట్టి, మూడు వారాలు బయటికి రాలేదు. వచ్చినప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. కొంత దుమ్ము వల్ల, కొంత ఆనందం వల్ల.

‘‘ఇన్నాళ్ళూ ఇంతటి మహానుభావుణ్ణి మరిచిపోయాం!’’ అన్నారు కమిటీ సమావేశంలో. వీధి తరఫున ఎవరూ పిలవకపోయినా మంగాయమ్మ వెళ్ళి వెనక కుర్చీలో కూర్చుంది. ‘‘రికార్డుల్లో ఏ కట్ట విప్పినా ఆయనే. ఏ పేజీ తీసినా ఆయనే. ఈ ఊళ్ళో సదరు గారు చెయ్యని పని లేదు, తిరగని చోటు లేదు. వినండి. పంతొమ్మిది వందల ఎనిమిదిలో సదరు ఆసామి వంతెన పక్కన ఇటుక బట్టీ పెట్టారు. అంటే పారిశ్రామికవేత్త. ఇరవై ఒకటిలో సదరు ముద్దాయి పెద్దబజారులో నిషేధించిన నినాదాలు చేసి ఆరు వారాలు జైలుకు వెళ్ళారు. అంటే సమరయోధుడు. ముప్పై నాలుగులో సదరు డాక్టరు కలరా రోగులకు సేవ చేశారు. అంటే...’’

‘‘అంటే డాక్టరు,’’ అన్నాడు త్రిపురారి, రాసుకుంటూ.

‘‘ముప్పై ఏడులో మరో గొప్ప ఘట్టం. ‘సదరు ఎద్దు రోడ్డుకు అడ్డముగా పరుండి ఎంత కొట్టినను లేవనందున రాకపోకలు స్తంభించినవి.’ ’’

మంగాయమ్మకు నవ్వాగలేదు. ‘‘ఎద్దేనండి అది,’’ అంది.

‘‘ఎద్దు అనేది బిరుదమ్మా,’’ అన్నారు భీమశంకరం గారు తగ్గు స్వరంతో, చదువురాని వాళ్ళ మీద చూపించే జాలితో. ‘‘పట్టుదలకు మెచ్చి జనం ఇచ్చుకున్న బిరుదు. అది అహింసాయుత రోడ్డు దిగ్బంధం. ఎంత కొట్టినా లేవలేదట, చూడండి!’’

ఒక చిన్న ఇబ్బంది మాత్రం వచ్చింది. పన్నెండులో ‘సదరు మృతుడు’ అని ఉంది. ఇరవై ఆరులో మళ్ళీ ‘సదరు మృతుడు’. నలభైలో ఇంకోసారి. ఆ లెక్కన సదరు గారు ముప్పై ఏళ్ళలో మూడుసార్లు పోయారు, మధ్యలో ప్రజాసేవ మానలేదు. దీని మీద కమిటీ రెండు సమావేశాలు వాదించుకుని, ‘పలుమార్లు మృత్యువును ఎదుర్కొనిరి’ అని రాయడానికి ఒప్పుకుంది.

‘‘అయ్యా, సదరు అనే మనిషి లేడండి,’’ అంది మంగాయమ్మ లేచి నిలబడి. ‘‘అది మీరు రాసుకునే మాట. కాగితం రాసేటప్పుడు పేరు మళ్ళీ మళ్ళీ రాయడం బద్ధకమై సదరు అంటారు. అంతే. నిజంగా మా వీధికి కుళాయి తెచ్చింది మా అమ్మ అచ్చాయమ్మ.’’

‘‘అచ్చాయమ్మ గారి పేరు ఎన్ని రికార్డుల్లో ఉంది?’’

‘‘ఉన్న ఒక్కటీ చెద తినేసింది కదండీ.’’

‘‘సదరు గారి పేరు నలభై రెండు వేల రికార్డుల్లో ఉంది,’’ అన్నారు భీమశంకరం గారు, ఇక చెప్పవలసిందేమీ లేదన్నట్టు. ‘‘చరిత్ర ఆధారాలను బట్టి నడుస్తుందమ్మా. అభిమానాన్ని బట్టి కాదు.’’

ఊరు ఊరంతా సదరు గారి వెనక నడిచింది. పేపర్లో బొమ్మ లేకుండా వార్త పడింది. రెండు సంఘాలు ఆయన తమవాడంటే తమవాడని కొట్టుకున్నాయి. ఒకరు ఇటుక బట్టీ చూపించి మా కులస్థుడే అన్నారు, ఇంకొకరు జైలు కాగితం చూపించి మాకే అల్లుడన్నారు. ఎద్దు విషయంలో మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. తీర్మానం జరిగిన తేదీనే సదరు జయంతిగా ప్రకటించి, బడి పిల్లలకు వక్తృత్వ పోటీలు పెట్టారు. ఏడో తరగతి పాప ఒకతి ‘సదరు గారు సామాన్యుడు కాదు, ఆయన గురించి ఎంత చెప్పినా పైన చెప్పినట్టే ఉంటుంది’ అని మొదటి బహుమతి కొట్టేసింది. ఆ పాపకు విషయం తెలిసి అందో తెలియక అందో ఎవరూ ఆరా తియ్యలేదు.

విగ్రహం అన్నారు. ముఖం ఎలా ఉండాలని శిల్పి అడిగాడు. డాక్టరు కనుక కళ్ళజోడు, సమరయోధుడు కనుక టోపీ, పారిశ్రామికవేత్త కనుక చేతిలో ఇటుక, అహింసావాది కనుక ముఖం మీద శాంతం ఉండాలని కమిటీ రాసి ఇచ్చింది. శిల్పి వాటన్నిటినీ పెట్టి ఒక మనిషిని చేశాడు. దూరాన్నుంచి చూస్తే ఎవరినో కొట్టబోతున్న తాపీమేస్త్రీలా ఉన్నాడు.

అన్నిటికంటే మంగాయమ్మ గుండెకు తగిలింది సొంత వీధి. నూకరాజు ‘సదరు సేవా సమితి’ పెట్టి తానే కార్యదర్శి అయ్యాడు. ఆటో వెనకాల అద్దం మీద సదరు గారి టోపీ, కళ్ళజోడు బొమ్మ వేయించాడు.

‘‘నువ్వు కూడానా నూకరాజూ?’’ అంది మంగాయమ్మ. ‘‘మా అమ్మ బిందె మోగిస్తుంటే నువ్వు పక్కన కూర్చుని లెక్కపెట్టేవాడివి కదరా!’’

‘‘అది నిజవే మంగక్కా, నేను కాదన్నానా?’’ నూకరాజు సిగ్గుపడుతూనే అన్నాడు. ‘‘కాని అచ్చాయమ్మగారంటే మన ఈదోళ్ళకే తెలుసు. సదరు గారంటే ఊరంతా లేచి దణ్ణం పెడతన్నారు. పక్క ఈదికి ఉత్త ఇంజనీరే దొరికేడు. మనకి ఇంత పెద్ద మనిషి దొరికితే కాదనుకుంటావేంటి? మన పిల్లల పెళ్ళిళ్ళకి అడ్రసు చెప్పుకోవద్దా?’’

మంగాయమ్మ మళ్ళీ అర్జీ పెట్టింది. ఈసారి పొట్టిగా, అనుమానానికి తావు లేకుండా. ‘సదరు అను వ్యక్తి లేడు. మా వీధికి మా అమ్మ వాసంశెట్టి అచ్చాయమ్మ పేరు పెట్టండి.’ పది రోజులకు జవాబు వచ్చింది. ‘సదరు మంగాయమ్మ సమర్పించిన సదరు అర్జీ పరిశీలించి సదరు కమిటీకి పంపడమైనది’ అని.

ఆ జవాబు నకలు భీమశంకరం గారి చేతిలో పడింది. ఆయన అది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. ‘‘సదరు మంగాయమ్మ! ఇంటిపేరు చూడండి! వారసురాలు మన కళ్ళెదుటే ఉంది!’’

మర్నాడు ఆఫీసు జీపు మంగాయమ్మ గుమ్మం ముందు ఆగింది. అందులోంచి త్రిపురారి, భీమశంకరం, వాళ్ళ వెనక శాలువా మోస్తున్న అటెండరు దిగారు.

‘‘ముందే చెప్పకూడదా అమ్మా, మీరు సదరు వారి ఆడపడుచని?’’ అన్నారు భీమశంకరం గారు, మొదటిసారి చేతులు జోడించి. ‘‘మీ వినయం మమ్మల్ని తప్పుదోవ పట్టించింది.’’

మంగాయమ్మకు తలుపు వేసేద్దామనిపించింది. నూకరాజు గోడ దగ్గర నిలబడి సైగలు చేస్తున్నాడు, ఒప్పేసుకో ఒప్పేసుకో అని.

‘‘విగ్రహావిష్కరణ రోజు వారసురాలికి వేదిక మీద కుర్చీ ఉంటుంది,’’ అన్నాడు త్రిపురారి. ‘‘మైకులో అయిదు నిమిషాలు మాట్లాడాలి. మాట్లాడింది మినిట్స్‌లో నమోదవుతుంది. సర్కారు రికార్డులో శాశ్వతంగా ఉంటుంది.’’

ఆ మాట దగ్గర మంగాయమ్మ ఆగింది. సర్కారు రికార్డులో. మైకులో అమ్మ పేరు చెబితే, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే, చెద తిన్న కాగితానికి బదులు ఇంకో కాగితం పుడుతుంది. దానికోసం ఒక గంటసేపు సదరు గారి మనవరాలిగా కూర్చోవాలి. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని అమ్మ ఫోటో కేసి చూడలేకపోయింది. కాని శాలువా తీసుకుంది.

ఆవిష్కరణ రోజు జనం ఇసకేస్తే రాలనంతగా వచ్చారు. ముఖ్య అతిథి గారు సదరు గారి ఆశయాలు సాధిస్తామన్నారు, ఏ ఆశయాలన్నది పైన చెప్పిన వక్తలకే వదిలేశారు. భీమశంకరం గారు ఎద్దు బిరుదు ఘట్టం చెప్పేసరికి వెనక వరసల్లో ముసలాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అప్పుడు మంగాయమ్మను పిలిచారు.

ఆవిడ మైకు దగ్గరికి వెళ్ళి, ముప్పై మూడేళ్ళు ట్రంకు కాల్స్ పిలిచిన గొంతుతో, ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పింది. ‘‘మా అమ్మ పేరు వాసంశెట్టి అచ్చాయమ్మ. ఈ వీధికి కుళాయి తెచ్చింది వాసంశెట్టి అచ్చాయమ్మ. నలభై ఒక్క రోజులు మెట్ల మీద కూర్చుంది వాసంశెట్టి అచ్చాయమ్మ.’’ ఇంకా చెప్పింది. ఎండలో కూర్చుంది ఎవరో, బిందె మోగించింది ఎవరో, జ్వరమొచ్చినా లేవనిది ఎవరో చెప్పింది. ప్రతి వాక్యం చివరా పేరు. జనం ఊగిపోయారు. ‘‘సదరు గారికీ!’’ అని అరిచాడు నూకరాజు. ‘‘జై!’’ అన్నారు అందరూ.

నాలుగో రోజున మంగాయమ్మ మినిట్స్ చూడ్డానికి వెళ్ళింది. త్రిపురారి పుస్తకం తెరిచి గర్వంగా చూపించాడు. ‘అనంతరం సదరు మహిళ సదరు వేదికపై నుండి మాట్లాడుతూ సదరు పేరును పదకొండు పర్యాయములు ఉచ్చరించిరి. సదరు పేరునకు సభికులు కరతాళధ్వనులు చేసిరి.’

మంగాయమ్మ అది రెండుసార్లు చదివింది. అరవలేదు. ‘‘పదకొండు సార్లని లెక్కపెట్టారు కదండీ. ఒక్కసారి ఆ పేరేదో రాయడానికి చెయ్యి రాలేదా?’’

‘‘ఒకసారి వచ్చిన పేరు రెండోసారి రాయకూడదమ్మా. సదరు అనాలి. అది ఆఫీసు మర్యాద.’’

‘‘మొదటిసారి ఎక్కడ రాశారు?’’

త్రిపురారి వెనక పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. పుస్తకం మొదటికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఎక్కడా లేదు.

‘‘మీ అమ్మగారి పేరేంటండి?’’ అంది మంగాయమ్మ.

‘‘మా మాతృమూర్తి...’’ అని మొదలెట్టి త్రిపురారి ఆగిపోయాడు. అలవాటుగా చెయ్యి సొరుగులోకి వెళ్ళి తన సర్వీసు రిజిస్టరు తీసింది. అందులో తండ్రి పేరు మూడు చోట్ల ఉంది. తల్లి పేరుకు గడి లేదు. ఆమెను ఇంట్లో నాన్న ‘ఏమే’ అనేవాడు, పిల్లలు అమ్మా అనేవాళ్ళు, చుట్టాలు త్రిపురారి తల్లి అనేవాళ్ళు. ఆమె పోయి పందొమ్మిదేళ్ళయింది. ఆయన రిజిస్టరు మూసి సొరుగులో పెట్టేశాడు.

‘‘సుభద్రమ్మ,’’ అన్నాడు చివరికి. ఆ పేరు ఆ ఆఫీసులో వినబడ్డందుకు ఆయనే ఉలిక్కిపడ్డాడు.

‘‘మంచి పేరు,’’ అంది మంగాయమ్మ. ‘‘ఇప్పుడు మా అమ్మది రాయండి.’’

త్రిపురారి పెన్ను తీశాడు. ‘సదరు పేరును’ అన్న చోట కొట్టేసి, పైన ‘వాసంశెట్టి అచ్చాయమ్మ అను పేరును’ అని రాశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో పైవాళ్ళ అనుమతి లేకుండా ఆయన చేసిన మొదటి పని అది. మంగాయమ్మ కళ్ళనిండా నీళ్ళతో ఇంటికి వచ్చి, చాలా రోజుల తరువాత అమ్మ ఫోటోకు దండ మార్చింది.

సంతోషం పద్దెనిమిది రోజులే నిలిచింది. పంతొమ్మిదో రోజున రిజిస్టరు పోస్టులో నోటీసు వచ్చింది. కమిషనరు గారు మినిట్స్ మీద సంతకం పెట్టే ముందు కొట్టివేత చూశారు.

‘విషయం: సదరు గారి విగ్రహావిష్కరణ సభ మినిట్స్‌నందు అన్యుల పేరు చోటుచేసుకొనుట గురించి. సదరు మినిట్స్‌లో అచ్చాయమ్మ అను పేరు ఎట్టి ఆధారమును లేకుండా కనిపించుచున్నది. సదరు గారి ఏకైక వారసురాలైన మీరు సదరు వ్యక్తిని ఎరుగుదురా? ఈ దిగువ పట్టిక నింపి పదిహేను దినములలోగా పంపవలెను. గడువు దాటినచో సదరు వ్యక్తి ఎన్నడును లేనట్లు భావించబడును. సదరు గారితో సంబంధము లేనివారి జవాబులు తిరస్కరించబడును.’

నూకరాజు అది చదివి తల గోక్కున్నాడు. ‘‘రాసెయ్ మంగక్కా. నువ్వు సదరు గారి మనవరాలివి, అచ్చాయమ్మగారు ఆయనింట్లో పని చేసేదని రాసెయ్. ఏదో మూలన పేరుంటది కదా.’’

మంగాయమ్మ నోటీసు అతని చేతిలోంచి లాక్కుంది. తప్పు అతనిది కాదని తెలుసు, అయినా ఒళ్ళు మండింది. ‘‘మా అమ్మ ఎవరింట్లోనూ పని చెయ్యలేదురా. వెళ్ళు,’’ అంది.

నూకరాజు వెళ్ళిపోయాక పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంది. మూడే గడులు. మొదటిది, మీ పేరు. ‘అచ్చాయమ్మ కూతురు మంగాయమ్మ’ అని రాసింది. రెండోది, సదరు గారితో మీకు గల సంబంధము. అక్కడ పెన్ను ఆపింది. మనవరాలినని రాస్తే జవాబు చెల్లుతుంది, కాని అమ్మకు కూతురు లేకుండా పోతుంది. లేదని రాస్తే జవాబే చెల్లదు. వేదిక మీద కప్పిన శాలువా బరువు ఇంకా భుజాల మీద ఉన్నట్టే ఉంది. ఒక్కసారి చేసిన పని రెండోసారి చెయ్యలేనని ఆవిడకు అర్థమైంది. ‘ఏమీ లేదు’ అని రాసింది. మూడోది, అచ్చాయమ్మ అను వ్యక్తిని ఎరుగుదురా. ‘మా అమ్మ’ అని రాసి, కాగితం పట్టుకెళ్ళి స్వయంగా ఆఫీసులో ఇచ్చి వచ్చింది.

జవాబు నెల తిరక్కుండా వచ్చింది. తిరస్కరించారు. ఊహించిందే గనక మంగాయమ్మ కవరు నెమ్మదిగానే చింపింది. చదువుతూ చదువుతూ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఎవరినైనా తిరస్కరించాలంటే వాళ్ళెవరో రాయాలి కదా. సదరు అని రాయడానికి లేదు, సదరు గారితో సంబంధం లేదని ఆవిడే రాసి ఇచ్చింది. అందుకని కమిషనరు గారి సంతకంతో, గుండ్రటి సీలుతో, ఆ కాగితం మీద ఇలా ఉంది: ‘రైలుకట్ట వెనక సందు కాపురస్తురాలగు కీర్తిశేషులు వాసంశెట్టి అచ్చాయమ్మ కుమార్తె మంగాయమ్మ జవాబు తిరస్కరించడమైనది.’

మంగాయమ్మ దాన్ని పటం కట్టించి, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేలా వీధి గోడకు తగిలించింది.